మేస్త్రి గుండును శంకించిన మతాచార్యుడు
(పాఠశాల అమృతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది ఐదేండ్లు నిలిచిన గోడల నడుమ జరుగుతున్న సభ ఇది. గోడ నిలువుగా లేచిందీ లేనిదీ తెలిసేది ఎట్లా? మేస్త్రి దారానికి ఒక ఇనుప గుండు కట్టి పైనుండి వ్రేలాడదీస్తాడు. గుండు ఊగి ఊగి నిలుస్తుంది. దారం ఎటు చూపితే అదే నిలువు. గోడ తప్పు కావచ్చును, ఇటుక తప్పు కావచ్చును, మేస్త్రి చూపు తప్పు కావచ్చును గాని దారం తప్పు కాదు. లోకమంతా నమ్మిన మాట ఇది. శాస్త్రజ్ఞులు ఆ దారాన్నే లంబసూత్రమంటారు.

ఆ దారం కూడ ఒరుగుతుంది. భారతదేశంలో అది ఎంత ఒరగవలెనో లెక్కగట్టి, వచ్చిన లెక్క కళ్ళెదుటి కొలతతో పొసగకపోయినా దాచక లోకం ముందుంచిన ఒక ఆంగ్ల మతాచార్యుని చరిత్ర ఈనాటి ప్రసంగ విషయం. ఆయన పేరు జాన్ హెన్రీ ప్రాట్. కలకత్తాలో క్రైస్తవ దేవాలయ సేవలో ఉన్న ఈ గణితజ్ఞునికీ మత్తిగిరి, హోసూరు ప్రాంతానికీ సంబంధమేమిటని సందేహం కలుగవచ్చును. ఆయన పరిశీలించిన కొలతలు ఏ మహాకార్యంలో భాగమో, ఆ కార్యం బెంగుళూరు పీఠభూమి మీదుగానే సాగింది. ఈ ఎఱ్ఱనేల, ఈ బండరాళ్ళు ఆ పీఠభూమిలోనివే.

ప్రాట్ కన్న ముందు ఇదే బాటలో నడచిన మరొక మతాచార్యుని స్మరించడం న్యాయం. పద్దెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో గణితం క్షుణ్ణంగా చదివినవారు మతదీక్ష స్వీకరించడం సాధారణ విషయం. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో గణిత పరీక్ష కఠినమైనది. అందులో ముందు నిలిచినవారిలో పలువురు తరువాత దేవాలయ సేవలో చేరేవారు. అట్టివారిలో నెవిల్ మాస్కెలీన్ ఒకరు. 1732లో జన్మించిన ఆయన 1755లో మతదీక్ష పొందారు. 1765లో రాజ ఖగోళజ్ఞులుగా నియమితులై 1811లో మరణించేదాక ఆ పదవిలోనే ఉన్నారు. సముద్రంపై నావికులు తామున్న చోటును చంద్రుని సాయంతో తెలుసుకొనుటకు వీలుగా ఏటేటా వెలువడే నావిక పంచాంగాన్ని ఆరంభించినది ఆయనే. ఆయన చెల్లెలు మార్గరెట్ 1753లో చెన్నపట్టణంలో రాబర్టు క్లైవును వివాహమాడింది. చరిత్రలో ఇంటి పేరులు ఇట్లు విచిత్రంగా పెనవేసుకొంటాయి.

న్యూటను సిద్ధాంతం ప్రకారం ప్రతి పదార్థమూ ప్రతి పదార్థాన్నీ ఆకర్షిస్తుంది. అట్లయితే పెద్ద కొండ ప్రక్కన వ్రేలాడే గుండును భూమి క్రిందికి లాగుతూ ఉండగా, కొండ కూడ కొంచెం ప్రక్కకు లాగవలె. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బుగేర్ 1738లో దక్షిణ అమెరికాలోని చింబొరాజో పర్వతం వద్ద దీనిని పరీక్షించాడు. గుండు ఒరిగింది; కాని అంత పెద్ద పర్వతానికి ఒరగవలసినంత ఒరగలేదు. ఆ వింత ఆనాటికి అట్లే మిగిలిపోయింది. 1774లో మాస్కెలీన్ స్కాట్లండులోని షిహాలియన్ అనే కొండకు ఉత్తరాన, దక్షిణాన నిలిచి నక్షత్రాలను చూచి, రెండు ప్రక్కల ఒరుగును కలిపి 11.6 వికలలని తేల్చారు. ఆ కొలతల ఆధారంగా చార్లెస్ హటన్ అనే గణితజ్ఞుడు భూగోళపు సగటు సాంద్రతను గణించాడు. కొండను ప్రక్కన పెట్టుకొని భూమిని తూచిన మొదటి తూనిక అది.

వికల అంటే ఏమిటో చిన్నారులు తెలుసుకోవలె. వృత్తాన్ని 360 భాగలుగా పంచితే ఒక్కొక్క భాగలో 60 కలలు, ఒక్కొక్క కలలో 60 వికలలు. పంచాంగం గుణించే పెద్దలకు ఈ మాటలు సుపరిచితాలు. అంగుళం వెడల్పు గల నాణేన్ని ఐదు కిలోమీటర్ల దూరాన నిలబెట్టి చూస్తే అది కంటికి చేసే కోణం సుమారు ఒక వికల. ఇంత సన్నని కొలతల మీదనే ఈ కథ అంతా నడుస్తుంది.

జాన్ హెన్రీ ప్రాట్ 1809లో జన్మించారు. తండ్రి జోసయ్య ప్రాట్ కూడ మతాచార్యుడే. చర్చి మిషనరీ సొసైటీకి కార్యదర్శిగా పనిచేసినవారు. కుమారుడు కేంబ్రిడ్జిలోని గాన్విల్ అండ్ కీజ్ కళాశాలలో చదివి, 1833లో గణిత పరీక్షలో విశ్వవిద్యాలయమంతటిలోను మూడవవాడుగా నిలిచారు. 1836లో యంత్రశాస్త్ర గణిత సూత్రాలను వివరిస్తూ ఒక పెద్ద గ్రంథం వ్రాశారు. పదార్థాల ఆకర్షణ, భూమి ఆకారం అందులో ముఖ్యాంశాలు. ఆ దారినే సాగి ఉంటే కేంబ్రిడ్జిలోనే ఆచార్య పదవి అందుకొని సుఖంగా కాలం గడిపేవారేమో. కాని ఆయన 1838లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మతాచార్యుడుగా భారతదేశానికి వచ్చారు. 1850లో కలకత్తాకు ఆర్చిడీకన్ అయ్యారు. ఆ పదవి మాటలలో సులువు, పనిలో బరువు. చాల విశాలమైన ప్రాంతంలోని దేవాలయాల పర్యవేక్షణ, ప్రయాణాలు, ఉత్తర ప్రత్యుత్తరాలు. గణితం ఆయనకు జీవనోపాధి కాదు. దినమంతా చేసిన పని పోగా మిగిలిన వేళలలో దీపం ముందు చేసిన తపస్సు.

ఆ తపస్సుకు సామగ్రి సమకూర్చినది భారతదేశపు మహా త్రికోణమితీయ సర్వే. దాని పుట్టుక దక్షిణాదిలోనే. 1799లో శ్రీరంగపట్టణం పతనమైన పిదప, ఆ యుద్ధంలో పాల్గొన్న విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి, ద్వీపకల్పాన్ని అడ్డంగాను నిలువుగాను శాస్త్రీయంగా కొలవవలెనని ప్రతిపాదించాడు. 1800లో బెంగుళూరు దగ్గర ఒక ఆధారరేఖను గొలుసుతో కొలిచాడు. తరువాత మంచి పరికరాలు అందగా 1802 ఏప్రిల్ 10న చెన్నపట్టణం పరంగిమల వద్ద పని మొదలు పెట్టాడు. 1804లో మళ్ళీ బెంగుళూరు వద్ద ఆధారరేఖ కొలవబడింది. 1811లో తెలుగునాట గుత్తి వద్ద, 1815లో బీదరు వద్ద కూడ ఆధారరేఖలు కొలిచారు. ఒక రేఖను జాగ్రత్తగా కొలిచి, దాని రెండు కొసల నుండి దూరపు కొండ శిఖరాన్ని గురిచూచి కోణాలు గణిస్తే, త్రిభుజం తక్కిన భుజాలు నేలమీద నడవకుండానే తెలుస్తాయి. ఒక త్రిభుజం ప్రక్కన మరొకటి, దాని ప్రక్కన ఇంకొకటి. ఇట్లు కన్యాకుమారి నుండి హిమాలయాల దాక సాగిన గొలుసును మహాచాపమని పిలిచారు. గురిచూచే పెద్ద థియోడలైట్ యంత్రం బరువు అర టన్ను. దానిని కొండలకు, గోపురాలకు ఎక్కించినవారు, శిఖరాలపై ధ్వజాలు పట్టి నిలిచినవారు, అడవి జ్వరాలకు బలియైనవారు ఈ దేశపు కూలీలు, ఖలాసీలు. వారి పేర్లు గ్రంథాలలో లేవు. చరిత్ర చెప్పేవారు ఈ మాట మరువరాదు.

ఇట్లు నేలమీద కొలిచిన దూరానికి ఆకాశం నుండి ఒక సాక్ష్యం కావలె. ఒక చోట నడినెత్తిన ఏ నక్షత్రం ఉన్నదో చూస్తే ఆ చోటి అక్షాంశం తెలుస్తుంది. రెండు చోట్ల అక్షాంశాల భేదం, త్రిభుజాల ద్వారా గణించిన భేదం ఒకటి కావలె. కాని నడినెత్తి ఎక్కడో నిర్ణయించేది ఏది? మళ్ళీ ఆ గుండే, ఆ దారమే. బెంగుళూరు వద్ద దొడ్డగుంటలో చేసిన నక్షత్ర పరిశీలనలు సరిగా పొసగకపోవడం చూచి, నేల క్రింది బరువైన పదార్థమేదో గుండును ప్రక్కకు లాగుతున్నదని లాంబ్టన్ భావించాడు. హోసూరుకు ఒక పూట ప్రయాణ దూరంలోనే దారంపై తొలి అనుమానాలలో ఒకటి మొలిచిందన్నమాట.

లాంబ్టన్ 1823లో పనిమీదనే హింగన్‌ఘాట్ వద్ద కన్నుమూశాడు. తరువాత ఆ భారం జార్జి ఎవరెస్టు వహించాడు. కోణాలు చూచిన తరువాత లెక్కలు కట్టడం మరొక మహాయజ్ఞం. సంవర్గమాన పట్టికలు ముందు పెట్టుకొని అంకెలతో కుస్తీపట్టిన గణకులలో వంగదేశీయుడైన రాధానాథ్ సిక్దార్ అగ్రగణ్యుడు. 1831లో ఆ కొలువులో చేరి ప్రధాన గణకుడైనాడు. ఎవరెస్టు మహాచాపంలోని రెండు ఖండాల కొలతలను 1847లో గ్రంథంగా ప్రకటించాడు. ఆ ఖండాల మూడు కొసలు: బీదరుకు సమీపాన దామరగిద్ద, మధ్యభారతంలో కళ్యాణ్‌పూర్, ఉత్తరాన హిమాలయాల దిక్కున కళియానా. కళియానా హిమాలయాల పాదానికి మరీ దగ్గర కాకుండా కావాలనే ఎన్నుకొన్న స్థలం. పర్వతాల లాగుడు తగలకుండా ఉండుటకు అంత ఎడం చాలునని ఎవరెస్టు తలచాడు.

ఇక చిక్కు ఇక్కడ వచ్చింది. కళ్యాణ్‌పూర్, కళియానాల మధ్య దూరం సుమారు 600 కిలోమీటర్లు. త్రిభుజాల లెక్కన వాటి అక్షాంశ భేదం 5 భాగల 23 కలల 42.294 వికలలు. నక్షత్రాల లెక్కన 5 భాగల 23 కలల 37.058 వికలలు. భేదం 5.236 వికలలు, నేలమీద చెప్పవలెనంటే సుమారు 160 మీటర్లు. 600 కిలోమీటర్లలో 160 మీటర్లు ఒక లెక్కా అని సామాన్యుడు అనవచ్చును. ఆ కొలతలలో పాటించిన జాగ్రత్తకు అది చాల పెద్ద తప్పు. ఎవరెస్టు దీనిని కొలతలలో పేరుకొన్న దోషంగా భావించి, త్రిభుజాల గొలుసు పొడవునా పంచి సర్దాడు. లెక్క సరిపోయింది. ఫైలు మూసుకొన్నది.

ఆర్చిడీకన్ ప్రాట్ ఆ సర్దుబాటుతో తృప్తిపడలేదు. భేదం ఏ దిక్కున ఉన్నదో ఆయన గమనించారు. హిమాలయాలు గుండును ఉత్తరానికి లాగితే నడినెత్తి దక్షిణానికి జరిగినట్లు కనిపిస్తుంది. అందువల్ల ఆ చోటి అక్షాంశం ఉన్నదానికన్న తక్కువగా వస్తుంది. పర్వతాలకు చేరువైన కళియానాలో ఈ తగ్గుదల ఎక్కువ, దూరాన ఉన్న కళ్యాణ్‌పూర్‌లో తక్కువ. కనుక నక్షత్రాల లెక్క త్రిభుజాల లెక్కకన్న తక్కువ రావలె. సరిగ్గా అట్లే వచ్చింది. అయితే తప్పు కొలిచినవారిది కాదు, పర్వతాలది అన్నమాట. ఈ ఊహ అందరికీ తట్టగలదు. తట్టిన ఊహను అంకెలలో పెట్టి పరీక్షించడమే కష్టం.

అందుకు హిమాలయాలను, వాటి వెనుకనున్న టిబెట్టు పీఠభూమిని తూచవలె. ఆ రోజులలో అక్కడి ఎత్తులు చాల చోట్ల సరిగా తెలియవు. ప్రాట్ ఒక చక్కని ఉపాయం పన్నారు. తాను పరిశీలించే చోటిని కేంద్రంగా చేసుకొని, భూతలాన్ని గీతలతో, వలయాలతో గదులుగా విభజించారు. ఒక్కొక్క గది గుండుపై చూపే లాగుడు ఆ గదిలోని సగటు ఎత్తుపై మాత్రమే ఆధారపడేటట్లు వాటి కొలతలను అమర్చారు. ఇక ప్రతి గదికీ ప్రయాణికులు, సర్వేవారు చెప్పిన ఎత్తులను వేసి, గుణించి, కూడడమే పని. కాని ఆ గదులెన్నో, ఆ గుణకారాలెన్నో! యంత్రాలు లేని కాలంలో, దేవాలయ విధులు ముగిసిన పిదప, కలకత్తా ఉక్కలో ఆ పని సాగింది.

ఫలితం ఇది. కళియానాలో గుండు 27.853 వికలలు ఒరగవలె. కళ్యాణ్‌పూర్‌లో 11.968 వికలలు. దామరగిద్ద, అనగా దక్కనులోనే, హిమాలయాలకు అన్ని వందల కోసుల దూరాన, 6.909 వికలలు. పదిమీటర్ల దారం కట్టి గుండు వ్రేలాడదీస్తే, కళియానాలోనైనా ఆ ఒరుగు కొసన ఒకటిన్నర మిల్లీమీటరు కూడ కాదు. మొదటి రెండు చోట్ల మధ్య భేదం 15.885 వికలలు.

విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలె. కావలసిన జవాబు 5.236. వచ్చిన జవాబు 15.885. మూడింతలు ఎక్కువ. పుస్తకం చివరి పుటలోని జవాబుతో తన జవాబు పొసగని పిల్లవాని స్థితి ప్రాట్‌కు కలిగింది. ఏమి చేయవచ్చును? టిబెట్టు ఎత్తులు ఎవరికీ సరిగా తెలియవు గనుక వాటిని తగ్గించి వేస్తే అడిగేవాడు లేడు. కొద్ది గదులను వదలివేస్తే పట్టుకొనేవాడు లేడు. ఆయన ఎత్తులను తగ్గించి కూడ లెక్క వేసి చూచారు. అది జవాబు దిద్దుటకు కాదు. ఎత్తుల అజ్ఞానం వల్లనే ఈ భేదం వచ్చిందేమో పరీక్షించుటకు. న్యాయంగా ఎంత తగ్గించినా 5.236 దాక దిగదని తేలింది. ఆ మాటనే వ్రాశారు. ఆ ప్రాంతంలో భూమి వంపు సగటు వంపుకన్న భిన్నమేమో అని ఒక ఊహ చెప్పి, రెండు అంకెలనూ ప్రక్కప్రక్కన నిలిపి, లండనులోని రాయల్ సొసైటీకి పంపారు. 1854 డిసెంబరులో ఆ వ్యాసం సభలో చదువబడి, మరుసటి సంవత్సరం అచ్చయింది.

పొసగని లెక్కను ప్రకటించడం చిన్న సాహసం కాదు. కేంబ్రిడ్జిలో మూడవవాడుగా నిలిచిన గణితజ్ఞునికి, దూరదేశంలో పండిత సాంగత్యం లేక ఒంటరిగా పనిచేసేవానికి, తన పేరుమీద మిగిలేది ఆ లెక్కే. అది తప్పని ఎవరైనా తేలిస్తే అపకీర్తి. అయినా దాచలేదు. ఆ దాచకపోవడమే ఒక కొత్త శాస్త్రానికి తలుపు తెరచింది.

వ్యాసం చదివిన వారాలలోనే, 1855 జనవరిలో, నాటి రాజ ఖగోళజ్ఞుడు జార్జి ఏరీ దానికి ఒక వివరణ చెప్పాడు. పర్వతాలు పైకి కనిపించేంతే కావు. నీటిలో తేలే దుంగ ఎంత ఎత్తు లేస్తే అంత లోతు మునిగి ఉన్నట్లు, పర్వతాలకు క్రింద తేలికైన వేళ్ళు ఉంటాయి. పైనున్న పర్వతం లాగితే, క్రింద బరువైన పదార్థానికి బదులు తేలిక పదార్థం ఉండడం వల్ల ఆ లాగుడు చాలవరకు తీరిపోతుంది. గుండు ఒరగవలసినంత ఒరగకపోవడానికి కారణమదే. చింబొరాజో వద్ద బుగేర్ చూచిన వింతకు కూడ ఇదే సమాధానం.

ప్రాట్ ఆ వివరణను వెంటనే అంగీకరించలేదు. భూమి పైపొర అంత పలుచన, క్రింద ద్రవం అన్న భావన ఆయనకు నచ్చలేదు. 1859లో తన వివరణ తాను చెప్పారు: పర్వతాలున్న చోట క్రింది పొర వ్యాకోచించి తేలికపడింది, సముద్రాలున్న చోట సంకోచించి బరువెక్కింది; కొంత లోతున ఒక మట్టం గీచి చూస్తే, ఏ స్తంభాన్ని తూచినా బరువు దాదాపు ఒకటే. వంట తెలిసిన తల్లులకు ఇది సులభంగా తెలుస్తుంది. ఒకే తూకం పిండిని రెండు ముద్దలు చేసి, ఒకటి పొంగనిచ్చి, ఒకటి పొంగనీయకుండా ఉంచితే, పొంగినది ఎత్తుగా కనిపిస్తుంది, బరువు మాత్రం అంతే. భారతదేశానికి దక్షిణాన విశాల సముద్రంలో పదార్థం తక్కువ గదా, దాని ప్రభావం గుండుపై ఎంతని కూడ ఆ కాలంలోనే ఆయన లెక్కించారు.

ఊహలు రెండైనవి. సాక్ష్యం ఎవరు చెప్పవలె? 1865 నుండి జేమ్స్ బసేవి అనే సర్వే అధికారి లోలకాలతో దేశమంతటా గురుత్వాన్ని కొలిచాడు. లోలకం నెమ్మదిగా ఊగితే అక్కడ గురుత్వం తక్కువ. లడాఖులోని ఎత్తైన మైదానాలలో, ఊపిరి అందని చలిలో చేసిన కొలతలలో, పర్వతాల క్రింద పదార్థం కొరత నిజమేనని తేలింది. ఆ పనిలోనే బసేవి 1871 జూలైలో అక్కడ ప్రాణం విడిచాడు. అదే సంవత్సరం డిసెంబరు 28న గాజీపూర్‌లో ఆర్చిడీకన్ ప్రాట్ కలరా సోకి మరణించారు. అప్పటికి ముప్పదిమూడేండ్లుగా భారతదేశంలోనే ఉన్నారు. 1866లో రాయల్ సొసైటీ సభ్యత్వం ఆయనకు లభించింది. భూమి ఆకారంపై ఆయన వ్రాసిన గ్రంథం 1860 నుండి 1871 దాక నాలుగు ముద్రణలు పొందింది. ప్రతి ముద్రణలోను కొత్త కొలతలను బట్టి తన మాటలను దిద్దుకొంటూనే వచ్చారు.

ఈ భావానికి సమస్థితి సిద్ధాంతమని పేరు వచ్చింది ఆయన మరణానంతరం. అమెరికా భూశాస్త్రజ్ఞుడు క్లారెన్స్ డటన్ 1889లో ఐసోస్టసీ అనే మాటను స్థిరపరచాడు. 1909లో జాన్ హేఫోర్డ్ అమెరికా దేశపు కొలతలకు ప్రాట్ ఊహనే అన్వయించి మంచి ఫలితాలు సాధించాడు. ఏరీ, ప్రాట్‌లలో ఎవరు ఒప్పు? హిమాలయాలు, టిబెట్టు విషయంలో ఏరీ చెప్పినట్లే మందమైన వేళ్ళున్నాయి. అక్కడి భూపటలం మందం సుమారు 70 కిలోమీటర్లు, అనగా మామూలు ఖండాల మందానికి దాదాపు రెండింతలు. సముద్రగర్భంలో కొత్తగా పుట్టే వేడి శిలల గట్ల విషయంలో ప్రాట్ చెప్పినట్లే వ్యాకోచం వల్ల తేలికపడిన పదార్థముంది. ఇద్దరిదీ నిజమే, ఎవరి చోట వారిది.

1961లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఈ దేశపు నేల క్రింది సాంద్రతలను, గురుత్వ భేదాలను పరిశోధిస్తూ వస్తున్నది. 2002లో ఆకాశానికి ఎగసిన గ్రేస్ జంట ఉపగ్రహాలు భూగోళమంతటి గురుత్వాన్ని పైనుండి కొలిచాయి. శ్రీలంకకు దక్షిణాన హిందూమహాసముద్రంలో గురుత్వం తక్కువై, సముద్రతలం భూగోళపు ఆదర్శ రూపానికన్న నూరు మీటర్లకు పైగా క్రుంగి ఉన్నదని నేడు తెలుసు. దక్షిణ సముద్రంలోని కొరత గుండును ఎట్లు కదుపుతుందని 1859లో ప్రాట్ వేసిన ప్రశ్నకు శాస్త్రజ్ఞులు ఇంకను జవాబులు వెదుకుతూనే ఉన్నారు.

ఒక జీవితాన్ని పొగిడేటప్పుడు దాని హద్దులను కూడ చెప్పడం సత్యం. ఆ సర్వే కేవల జ్ఞానతృష్ణతో జరిగింది కాదు. పాలనకు, పన్నులకు, సైన్యాల నడకకు పటాలు కావలసి కంపెనీ దానిని పోషించింది. ఈ దేశీయుల శ్రమకు తగిన గౌరవం అందులో దక్కలేదు. ప్రాట్ 1856లో మతగ్రంథానికీ శాస్త్రానికీ విరోధం లేదని వాదిస్తూ ఒక పుస్తకం వ్రాశారు. అందులోని వాదాలన్నీ నేటి శాస్త్రం ముందు నిలువవు. కాని లెక్క దగ్గర కూర్చున్నప్పుడు ఆయన తన విశ్వాసాన్ని అంకెలకు అడ్డం పెట్టలేదు. నచ్చిన జవాబు కోసం సాక్ష్యాన్ని వంచలేదు. మతాచార్యునికి సత్యం పలుకుట వ్రతమైతే, ఆ వ్రతాన్ని ఆయన గణితంలో కూడ పాటించారు.

ఈ పాఠశాలకు ఈ కథతో ఏమి పని? ప్రతి తరగతిలోను, ప్రతి యేడును ఒక దృశ్యం జరుగుతూనే ఉంటుంది. లెక్క చేసిన బిడ్డ వెనుక పుట తిప్పి చూస్తాడు. జవాబు కలవదు. రబ్బరు తీసుకొని చివరి వరుస తుడిచి, పుస్తకంలోని అంకెను అక్కడ వేస్తాడు. ప్రయోగశాలలో లోలకం ఊపిన బిడ్డ, గురుత్వ విలువ 9.8 రావలెనని ముందే తెలిసినందున, తన గడియారం చెప్పిన కాలాన్ని మెల్లగా సవరిస్తాడు. మార్కులు పడతాయి. తల్లిదండ్రులు సంతోషిస్తారు. కాని ఆ తుడిచిన వరుసలో ఏమి పోయిందో ఎవరికీ తెలియదు. ఒక తప్పు పోయి ఉండవచ్చును. ఒక హిమాలయమే పోయి ఉండవచ్చును.

ఉపాధ్యాయులకు విన్నపం: పొసగని లెక్క తెచ్చిన బిడ్డను మొదట దండించక, ఎంత తేడా వచ్చింది, ఏ వైపు వచ్చిందని అడగండి. ఎవరెస్టు చూచినది తేడా ఎంత అని. ప్రాట్ చూచినది ఏ వైపు అని. ఆ రెండవ ప్రశ్నలోనే విద్య ఉంది. తల్లిదండ్రులకు విన్నపం: ఇంటికి వచ్చిన మార్కుల పట్టికలో అంకె మాత్రమే చూడకండి; ఆ అంకె నిజంగా బిడ్డదా అని చూడండి. తెలుగు మాధ్యమంలో చదివిన బిడ్డకు లోకం ముందు నిలువగలనా అనే బెరుకు సహజం. భాగ, కల, వికల అని తెలుగులో లెక్కించినా హిమాలయాల బరువు మారదు. గుండుకు భాష లేదు. దారానికి మాధ్యమం లేదు. నిజాయితీగా లెక్క వేసేవాడు ఏ భాషలో వేసినా లోకం వినక తప్పదు.

ఈ బడికి మరొక గది కట్టే రోజు వస్తుంది. మేస్త్రి దారం వ్రేలాడదీస్తాడు. గుండు ఊగి నిలుస్తుంది. అప్పుడు దగ్గర నిలిచిన బిడ్డలు దానిని కొంచెం పరకాయించి చూడవలె. ఎక్కడో రెండు వేల కిలోమీటర్ల దూరాన ఉన్న మంచుకొండలు, దక్షిణాన ఉన్న సముద్రం, కాళ్ళ క్రింది ఈ రాతినేల, అన్నీ కలిసి ఆ చిన్న గుండును తమ తమ వైపు లాగుతున్నాయని వారికి తెలియవలె. తెలిసిన బిడ్డ గోడను తిన్నగా కట్టగలడు. దారాన్ని సైతం ప్రశ్నించగలడు. అట్టి బిడ్డలు ఈ పాఠశాల నుండి శతవార్షికోత్సవం దాక, ఆ తరువాత కూడ వెలువడుతూనే ఉందురు గాక.

స్వస్తి.